పాత రూపాయి మీద కొత్త అచ్చు: చెన్నైలో పావు వరహాలు కొనేవారు జాగ్రత్త

చెన్నైలో ఒక వ్యాపారి దగ్గర, ఈస్టిండియా కంపెనీ మద్రాసు టంకశాలలో 1808 ప్రాంతంలో ముద్రించినదని చెప్పగా ఒక వెండి పావు వరహా కొన్నాను. అది నకిలీ. ఒకవైపు గోపురం, మరోవైపు తెలుగు, తమిళ అక్షరాల నడుమ విష్ణుమూర్తి ఉండే ఈ నాణెం మీద తెలుగు సేకర్తలకు ఎంత మక్కువో ఆ వ్యాపారికి బాగా తెలుసు.

అరిగిపోయిన విక్టోరియా రూపాయినే బిళ్ళగా వాడి దానిపై కొత్త అచ్చు కొట్టారు కనుక, షావుకారుపేటలో వెండి పరీక్ష చేయించినప్పుడు పాత వెండేనని తేలింది. ఆ రూపాయిలో 91.7 శాతం, స్పెయిన్ డాలరు అనే పాత వెండి నాణెంలో 90 శాతానికి కాస్త తక్కువ వెండి ఉంటుంది కాబట్టి ఆ పరీక్షతో తేడా పసిగట్టడం కష్టం. మద్రాసు టంకశాల నిజంగానే స్పెయిన్ డాలర్లపై తన అచ్చులు కొట్టింది. శాతవాహనుల కాలంలో గౌతమీపుత్ర శాతకర్ణి కూడా శక రాజు నహపానుడి నాణేలపైనే తన అచ్చు కొట్టించాడనడానికి 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో దొరికిన నిధే సాక్ష్యం. ఈ నిజాలను అడ్డుపెట్టుకొని, అడుగున లీలగా కనిపించే ముఖం స్పెయిన్ రాజుదని వ్యాపారి నమ్మబలుకుతాడు.

భూతద్దంతో, వెలుతురు పక్కనుంచి పడేలా చూడండి. స్పెయిన్ డాలరుపై రాజు తలకు ఆకుల దండ ఉంటుంది. నా నాణెంలో కిరీటపు అంచు, దాని పక్కన విక్టోరియా పేరులోని చివరి ఆంగ్ల అక్షరాలు కనిపించాయి. 1837లో గద్దెనెక్కిన రాణి 1808 నాటి అచ్చు కింద ఉండడం అసంభవం. గోపురం పక్కనున్న చిన్న గాటు కూడా ఆ వ్యాపారి పళ్ళెంలోని మిగతా వరహాలపై సరిగ్గా అదే చోట ఉంది; వాడకంలో పడిన గాటు అన్నింటిపైనా ఒకేలా ఉందంటే, ఒక నాణేన్ని చూసి అచ్చు తీశారన్నమాట.

వెండి అసలైనదే కదా అంటూ అతను డబ్బు తిరిగి ఇవ్వలేదు. ఈ మోసంలో ఒక నిజమైన రూపాయి కూడా శాశ్వతంగా పాడైపోయిందన్నది నాకు మరింత బాధ కలిగించింది. మీరు కొనేటప్పుడు బిల్లుపై కేవలం "పాత వెండి నాణెం" అని రాస్తే ఒప్పుకోకండి. ఏ టంకశాలది, ఏ కాలానిది, నకిలీ అని తేలితే డబ్బు వాపసు ఇస్తారా లేదా అన్నవి రాసి సంతకం చేస్తేనే డబ్బు చెల్లించండి.