ఉప్పునీళ్లలో గంటసేపు: బెంగళూరులో ఒక ఫ్లోట్ సెంటర్ రివ్యూ

ఫ్లోట్ ట్యాంకు ఎలా ఉంది, వెళ్లొచ్చా అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో చెప్పే ఓపిక లేదు, అందుకే ఇక్కడ రాసేస్తున్నా. ఒళ్లు నొప్పులకీ, ఆఫీసు టెన్షన్ తలకెక్కినప్పుడు ఒక గంట ఎవరికీ దొరక్కుండా ఉండటానికీ చాలా బాగుంది, మళ్లీ వెళ్తాను కూడా. కానీ దాన్ని నిద్రకి మందులాగా, కలల మీద పట్టు తెచ్చే విద్యలాగా అమ్ముతున్నారు చూడండి, ఆ మాటలకి మాత్రం ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి. సెంటర్ పేరు రాయడం లేదు, నా గొడవ సగం ఈ వ్యాపారం మొత్తంతోనే.

తెలియనివాళ్ల కోసం: పెద్ద గుడ్డు ఆకారంలో మూత ఉన్న తొట్టి. అందులో జానెడు పైచిలుకు లోతు నీళ్లు, ఆ నీళ్లలో కొన్ని వందల కిలోల ఎప్సమ్ సాల్ట్, అంటే మెగ్నీషియం సల్ఫేట్. నీటి వేడి 35 డిగ్రీల దగ్గర ఉంచుతారు, మన చర్మం వేడి కూడా దాదాపు అంతే కాబట్టి కాసేపటికి నీళ్లు ఎక్కడ మొదలవుతున్నాయో, మనం ఎక్కడ అయిపోతున్నామో తెలియదు. లైట్లు ఆపేస్తారు, చెవుల్లో ప్లగ్‌లు పెట్టుకుంటాం. గంటకి జీఎస్టీతో కలిపి మూడు వేలు దాటింది. అమ్మకి చెబితే "మైపాడు పోతే సముద్రమే ఉంది కదే, ఉప్పునీళ్లకి మూడు వేలా" అంది. సముద్రంలో లీటరుకి ఓ 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, ఈత రానివాళ్లు మునిగిపోతారు. ఇక్కడ మునగాలన్నా మునగలేం. మెడ కూడా వదిలేయొచ్చు, నీళ్లే పట్టుకుంటాయి, కానీ ఆ సంగతి మెడకి నచ్చచెప్పడానికే నాకు చాలాసేపు పట్టింది.

ఇది స్పా వాళ్లు కనిపెట్టింది కాదు. 1954లో జాన్ లిల్లీ అనే అమెరికన్ న్యూరో సైంటిస్టు అక్కడి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్‌లో మొదటి ట్యాంకు కట్టాడు. చూపు, చప్పుడు, స్పర్శ అన్నీ ఆపేస్తే మెదడు నిద్రలోకి జారిపోతుందా, లేక తనంతట తాను మేలుకునే ఉంటుందా అన్నది అప్పట్లో పెద్ద చర్చ. మేలుకునే ఉంటుంది, పైగా బయటి నుంచి ఏమీ రాకపోతే తనే ఏదో ఒకటి అల్లుకుంటుంది అని తేలింది. ఈ లిల్లీయే తర్వాత ఎల్‌ఎస్‌డీ, కెటమిన్ లాంటి మత్తుమందులు తీసుకుని ట్యాంకులో దిగాడు, ఆ కథలు విని "దర్శనాలు" కోసం వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకి ఒక మాట. 1950ల మొదట్లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీలో డొనాల్డ్ హెబ్ అనే సైకాలజిస్టు బృందం కాలేజీ కుర్రాళ్లకి రోజుకి 20 డాలర్లు ఇచ్చి, కళ్లకి మసక అద్దాలు, చేతులకి గ్లౌజులు, అట్టతొడుగులు వేసి చిన్న గదిలో మంచం మీద పడుకోబెట్టింది. ఊరికే పడుకుంటే డబ్బులు వస్తున్నా రెండు మూడు రోజులకి మించి ఉండలేకపోయారు చాలామంది. వాళ్లకి ముందు చుక్కలు, గీతలు కనిపించాయి, తర్వాత బొమ్మలు. ఒకడికైతే భుజాన మూటలు వేసుకుని ఉడతలు వరసగా నడుచుకుంటూ పోతూ కనిపించాయి! సరే, కానీ అది గంటల తరబడి, రోజుల తరబడి ఏమీ తోచకుండా పడేస్తే వచ్చినది. మీరు మూడు వేలు కట్టి గంట పడుకుంటే ఉడతలు రావు.

మరి ఏం వస్తుంది? నాకు మొదట వచ్చింది దురద, ముక్కు మీద. తర్వాత గుండె చప్పుడు, అది చెవిలో అంత గట్టిగా ఉంటుందని నాకు తెలీదు. కొంతసేపు రేపటి మీటింగ్, గ్యాస్ బుకింగ్, ఇంటి ఓనర్ పెంచుతానన్న అద్దె, అన్నీ తిరిగాయి. ఆ తర్వాత ఎప్పుడో అవి ఆగి, కళ్ల ముందు ఎర్రటి బ్రేక్ లైట్లు, వరసగా, కదలకుండా. సిల్క్ బోర్డ్ జంక్షన్! రోజూ స్కూటర్ మీద ఆ నరకంలో నిలబడేదాన్ని, మూడు వేలు ఇచ్చి చీకట్లో పడుకున్నా అదే వచ్చింది. నవ్వొచ్చింది గానీ దీనికి లెక్క ఉంది. నిద్రకీ మెలకువకీ మధ్య సందులో పగలంతా చేసిన పని ముక్కలు ముక్కలుగా తిరిగొస్తుంది. 2000లో హార్వర్డ్‌లో రాబర్ట్ స్టిక్‌గోల్డ్ బృందం మనుషుల చేత టెట్రిస్ అనే వీడియో గేమ్ ఆడించి, కునుకు పట్టే సమయంలో లేపి అడిగితే పైనుంచి ముక్కలు పడుతూ కనిపించాయని చెప్పారు. జ్ఞాపకశక్తి దెబ్బతిని, అసలు ఆ ఆట ఆడిన సంగతే గుర్తులేని పేషెంట్లలో కొందరు కూడా అదే చెప్పారు. ఇది నాకు ఎంత ఆశ్చర్యంగా అనిపించిందంటే ట్యాంకు నుంచి వచ్చాక దాని గురించే ఆలోచించాను, ఎవరు ఆడారో గుర్తులేకపోయినా ఆట మాత్రం లోపల ఉండిపోయింది.

నా దృష్టిలో ఈ సర్వీసులో కొనదగ్గ సరుకు ఆ సందే. మామూలుగా ఇంట్లో ఆ దశ మనకి తెలియకుండానే రెండు మూడు నిమిషాల్లో దాటిపోతుంది. ఇక్కడ ఒళ్లు తేలుతూ, ఏ వైపూ ఒత్తిడి లేక, అందులోకి జారుతూ బయటికి వస్తూ ఉంటాం. 2021లో పారిస్ పరిశోధకులు ఒక లెక్కల పని ఇచ్చి మధ్యలో విరామం ఇచ్చినప్పుడు, ఈ మొదటి దశ నిద్రలో కనీసం 15 సెకన్లు గడిపినవాళ్లలో 83 శాతం మంది లెక్కలో దాగిన కిటుకు పట్టేశారు, మెలకువగా ఉన్నవాళ్లలో 30 శాతమే. నాకు ఏ కిటుకూ దొరకలేదు లెండి.

ఇప్పుడు గొడవ. రిసెప్షన్ గోడ మీద పోస్టర్: గంట ఫ్లోట్ అంటే నాలుగు గంటల నిద్రతో సమానం. కాదు. ఒక్క నిద్ర చక్రం పూర్తవ్వడానికే ఇంచుమించు 90 నిమిషాలు కావాలి. గాఢనిద్రలో మెదడు తరంగాలు నెమ్మదిస్తాయి, గ్రోత్ హార్మోన్ ఎక్కువగా విడుదలయ్యేది అప్పుడే. పైపైన కునుకు తీస్తే ఆ లెక్క ఎలా తీరుతుంది? పక్కనే ఇంకో పోస్టర్, లూసిడ్ డ్రీమ్ ప్యాకేజీ, ధర మామూలు దానికి దాదాపు రెట్టింపు. కలలో ఉండగానే ఇది కల అని తెలియడం నిజంగా ఉన్నదే. 1975లో ఇంగ్లండ్‌లోని హల్‌లో కీత్ హెర్న్ అనే పరిశోధకుడు దాన్ని రికార్డు చేశాడు, కల కంటున్న మనిషి ముందే అనుకున్నట్టు కళ్లు అటూ ఇటూ తిప్పి సైగ చేశాడు. అయితే అది జరిగేది ఎక్కువగా రెమ్ నిద్రలో, అంటే మూసిన కళ్లు గబగబా కదులుతూ కలలు ఎక్కువగా వచ్చే దశలో, అదీ తెల్లవారుజామున ఎక్కువ. మామూలుగా మొదటి రెమ్ రావడానికే గంటన్నర వరకూ పడుతుంది. గంట సెషన్‌లో ఇవ్వలేనిదానికి రెట్టింపు ధర! మూడో పోస్టర్ తురీయం అంటుంది, అంటే మెలకువ, కల, గాఢనిద్ర మూడింటినీ దాటిన నాలుగో స్థితి. దాని గురించి చెప్పే మాండూక్యోపనిషత్తులో మంత్రాలు పన్నెండే, చదివినవాళ్లు ఎవరూ దాన్ని జీఎస్టీ బిల్లు మీద ముద్రించరు.

అక్కడ పనిచేసే అమ్మాయిది మదనపల్లె. నేను ఫోన్లో మాట్లాడుతుంటే విని, "తెలుగోళ్లా అక్కా?" అంది, ఇక నాకు కన్నడ కష్టాలు తప్పాయి. పోస్టర్ల గురించి అడిగితే "అవి మా వాళ్లు పెట్టినారు అక్కా, మీరు మాత్రం ఊరికే కళ్లు మూసుకుని పండుకోండి" అంది. ఆ సెంటర్లో నేను విన్న సలహాలన్నిటిలోకీ పనికొచ్చింది ఇదే. మనిషి మారినప్పుడల్లా ఫిల్టర్ ఎలా తిరుగుతుందో కూడా విసుక్కోకుండా చూపించింది. కంప్లయింట్ ఆ అమ్మాయి మీద కాదు. పక్క సైటులో ఇల్లు కడుతున్నారు, నీళ్లలో చెవులు మునిగి ఉన్నా డ్రిల్లింగ్ మోత ఎముకల్లోంచి వినిపించింది. నిశ్శబ్దమే అమ్ముకునే చోట ఆ మాట ముందే చెప్పాలి కదా? మేనేజర్‌ని అడిగితే డబ్బులు వెనక్కి ఇవ్వలేదు, తర్వాత సెషన్‌కి పది శాతం తగ్గింపు అన్నాడు. సెషన్ అయిపోయిందని చెప్పే సంగీతం కూడా పెళ్లి మండపం స్థాయిలో మోగింది.

టెన్షన్ తగ్గుతుందా అంటే, తగ్గింది. నా ఒక్కదాని మాటే కాదు, 2018లో అమెరికాలోని టల్సాలో జస్టిన్ ఫైన్‌స్టైన్ బృందం ఆందోళన సమస్యలున్న 50 మందిని ఒక్క గంట తేలించి చూస్తే వెంటనే ఊరట కనిపించింది. కానీ అది ఒక్క సెషన్, అప్పటికప్పుడు కొలిచినది. నెలల తరబడి నిద్ర పట్టనివాళ్లు దీని మీద డబ్బు పోయొద్దు. నిద్రలేమికి డాక్టర్లు మొదట చెప్పేది సీబీటీ-ఐ అనే కౌన్సెలింగ్ పద్ధతి, గురక, ఊపిరి ఆగడం లాంటివి ఉంటే స్లీప్ స్టడీ, అంటే నిద్రపోతుండగా చేసే పరీక్ష. మన బెంగళూరులోనే నిమ్హాన్స్ మానసిక ఆరోగ్య ఆసుపత్రి ఉంది.

వెళ్లేవాళ్లకి: ఆ రోజు షేవింగ్, వ్యాక్సింగ్ వద్దు, చిన్న గీత ఉన్నా భగ్గుమంటుంది, అక్కడ ఇచ్చే వ్యాజిలిన్ రాసుకోండి. మధ్యాహ్నం తర్వాత కాఫీ ఆపండి. కాంటాక్ట్ లెన్స్ తీసేయండి, తడి చేత్తో కన్ను ముట్టుకోకండి, పక్కనే మంచినీళ్ల స్ప్రే ఉంటుంది. ఫిట్స్ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా దిగొద్దు. మూసిన చోట భయమైతే మూత తెరిచి ఉంచమనండి, అది లోపలి నుంచే తెరుచుకుంటుంది, తాళం ఏమీ ఉండదు. బుక్ చేసే ముందు ఫోన్ చేసి చుట్టుపక్కల ఏమైనా కట్టుబడి పని జరుగుతోందా అని అడగండి, ఆదివారం స్లాట్ దొరికితే అదే తీసుకోండి. పది సెషన్ల ప్యాకేజీ అంటగట్టబోతారు. ఒక్కటే కొనండి.