హోమ్ సర్వర్ మెయింటెనెన్స్ ప్యాకేజీ కొన్న కర్నూలు వాళ్ళు ఈ రాత్రికే చూసుకోండి

ఎవరి గురించో మీకు చెప్పక్కర్లేదు. పాత మినీ పీసీలు తెచ్చి, మూడింటినీ కలిసి పనిచేసేలా జోడించి క్లస్టర్ కట్టిచ్చి, "ఇంక మీరు చెయ్యి పెట్టే పనే లేదు సార్, అంతా ఆటోమేటిక్" అంటాడే, ఆయనే. మన దగ్గర సగం మంది ఆయన దగ్గరే కొన్నారు. నేనూ కొన్నాను. పీసీలు, మూడు 4 టీబీ డిస్కులు కలిపి 71 వేలు. పూల్ (ఆ డిస్కులన్నీ కలిపి ఒకటే నిల్వగా వాడేది) మెయింటెనెన్స్ ఆటోమేషన్‌కి వేరేగా 6,500.

సర్వర్ నడపడానికి ప్రాక్స్‌మాక్స్, దాని మీద డిస్కులను చూసుకునే జెడ్‌ఎఫ్‌ఎస్ రెయిడ్‌జెడ్1, ఫోటోలకు ఇమ్మిచ్ యాప్, ఇంకో నాలుగు కంటైనర్లు (దేనికది విడిగా నడిచే ప్రోగ్రాములు). ప్రతి నెలా ఒకటో తారీఖున స్క్రబ్ (డిస్కుల్లో ఉన్నదంతా చదివి తప్పులు వెతకడం) జరిగి మెయిల్ వస్తుంది: "ఆల్ పూల్స్ ఆర్ హెల్దీ." పద్నాలుగు నెలలు, పద్నాలుగు మెయిళ్ళు. ప్రతిదానికీ మురిసిపోయాను. రెండు మూడు సార్లు ఆఫీసులో చూపించాను కూడా, ఏదో మా పిల్లాడి మార్కుల షీటులాగా.

మొన్న శనివారం ఒక డిస్కు టక్ టక్ మని కొట్టుకుని ఆగిపోయింది. పర్వాలేదు, రెయిడ్‌జెడ్1 కదా, ఒకటి పోతే తట్టుకుంటుంది. కొత్త డిస్కు పెట్టి రీసిల్వర్ (మిగతా డిస్కుల నుంచి దాన్ని తిరిగి నింపడం) మొదలుపెట్టాను. సగం కూడా కాకముందే రెండో డిస్కులో రీడ్ ఎర్రర్లు వందల్లో వచ్చాయి. స్టేటస్ కింద పాడైన ఫైళ్ళ జాబితా మొదలైంది, ఎంత కిందికి జరిపినా అయిపోదు.

నెల నెలా స్క్రబ్ అవుతున్న డిస్కు రాత్రికి రాత్రి ఇంత చెడిపోతుందా? అనుమానం వచ్చి జెడ్‌పూల్ హిస్టరీ అనే కమాండ్ కొట్టాను. పూల్‌ని మార్చే కమాండ్ ఏది నడిపినా టైముతో సహా అందులో ఉంటుంది. ప్రతి ఒకటో తారీఖున ఒక స్క్రబ్. దాని కిందే, అది అయిపోయిన నిమిషానికే, ఒక క్లియర్. అలా పద్నాలుగు సార్లు.

ఆయన పెట్టిన మెయింటెనెన్స్ కంటైనర్ తెరిచి స్క్రిప్టు చూశాను. ప్రివిలేజ్డ్ కంటైనర్ (ఎక్కువ అధికారాలు ఇచ్చినది), లోపల అసలు పని నాలుగు లైన్లు. స్క్రబ్ నడుపు, అయ్యేదాకా ఆగు. జెడ్‌పూల్ క్లియర్. తర్వాత స్టేటస్ మైనస్ ఎక్స్, అంటే తేడా ఉన్న పూల్స్ మాత్రమే చూపించు. వచ్చింది మెయిల్ చెయ్యి. అర్థమైందా? స్క్రబ్ కనిపెట్టిన ఎర్రర్ల లెక్కను ముందు సున్నా చేసి, ఆ తర్వాత ఎర్రర్లు ఉన్నాయా అని అడుగుతోంది. జ్వరం చూసి, థర్మామీటరు విదిలించి పాదరసం దింపేసి, "చూడండి, జ్వరమే లేదు" అని చెప్పే డాక్టరుకి నేను ఫీజు కట్టానన్నమాట.

ఫోన్ చేశాను. మర్యాదగానే అడిగాను, ఆ క్లియర్ ఎందుకు పెట్టారు అని. ఆయన ఏమాత్రం తడుముకోలేదు. "ఎర్రర్ మెయిల్ పోతే కస్టమర్లు ఊరికే ఫోన్లు చేస్తారు సార్, టెన్షన్ పడతారు. అందుకే పెట్టినా."

నాకు ఒక్క క్షణం మాట రాలేదు. తెలియక చేసిన తప్పేమో అనుకుంటూ ఫోన్ చేసినవాణ్ణి నేను. తెలిసే పెట్టాడు. నా డిస్కు చచ్చిపోతోందని నాకు తెలియకూడదని, నాకు తెలిస్తే ఆయనకు ఫోన్ చేస్తానని పెట్టాడు. గట్టిగా అడిగేసరికి సార్ కాస్తా బ్రో అయింది. "డిస్కులన్నాక పోతాయి బ్రో, బ్యాకప్ లేకపోవడం నీ తప్పు" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే కలవడం లేదు, బ్లాక్ చేసినట్టున్నాడు.

కోపం ఎందుకంటే, ఆ చివరి మాట నిజం. తప్పు నాదే. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊళ్ళోకి వచ్చినప్పుడు మా ఇంట్లో అటక మీద పెట్టిన ఆల్బమ్‌లు మాత్రమే మిగిలాయి. అవీ చెమ్మ పట్టి అంటుకుపోతుంటే, పోయినేడు వేసవిలో కూర్చుని అన్నీ స్కాన్ చేశాను. చేశాక బూజు కంపు కొడుతున్నాయని ఆ ఆల్బమ్‌లు నేనే పారేశాను. మహా తెలివి. పూల్ ఉంది కదా, మెయిల్ వస్తోంది కదా! వెయ్యి రూపాయల పెన్‌డ్రైవ్‌లోకి ఇంకో కాపీ తీసుకోవడానికి మాత్రం చేతులు రాలేదు. ఇప్పుడు కొన్ని ఫోటోలు కాపీ చేస్తుంటే మధ్యలో ఆగిపోతున్నాయి. తెరిస్తే మా అవ్వ నుదురు దాకా ఉంది, కింద అంతా బూడిద రంగు. మా నాన్న చూసి ఒకటే అన్నాడు: "నీళ్ళకు పోనివి కదరా అవి."

ఇంకో సంగతి నిన్న రాత్రి తెలిసింది. డెబియన్ లినక్స్ మీద జెడ్‌ఎఫ్‌ఎస్ ప్యాకేజీ వేస్తే, ప్రతి నెలా రెండో ఆదివారం అర్ధరాత్రి 12:24కి స్క్రబ్ దానంతటదే జరిగేలా క్రాన్ ఫైలు (ఏ పని ఎప్పుడు నడపాలో రాసి ఉండేది) వస్తుంది. ప్రాక్స్‌మాక్స్ డెబియన్ మీదే నడుస్తుంది. అంటే ఊరికే వచ్చే పనికి నేను 6,500 కట్టాను. స్క్రిప్టులో ఆయన సొంతంగా కలిపింది ఆ క్లియర్ ఒక్కటే.

ఆయన దగ్గర తీసుకున్నవాళ్ళు ముందు జెడ్‌పూల్ హిస్టరీలో క్లియర్ అనే మాట వెతకండి. ఉంటే ఆ కంటైనర్ ఆపేసి, ఒక స్క్రబ్ నడిపి, మైనస్ ఎక్స్ లేకుండా స్టేటస్ మొత్తం చూడండి, స్మార్ట్‌లో (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) పెండింగ్ సెక్టార్లు, అంటే చదవలేకపోతున్న చోట్లు, కూడా. హెచ్చరికలకు జెడ్‌ఎఫ్‌ఎస్‌తో వచ్చే ఈవెంట్ డీమన్ (ZED, తేడా వస్తే మెయిల్ పంపేది) చాలు, మెయిల్ అడ్రసు మీదే పెట్టుకోండి. స్క్రబ్ కంటే ముందు ముఖ్యమైనవి వేరే డిస్కులోకి తీసేయండి, స్క్రబ్ నడిచేటప్పుడే డిస్కు పోయినా పోవచ్చు.

బిల్లు ఇవ్వలేదు, నేనూ అడగలేదు. ఫోన్‌పే హిస్టరీ ఉంది, ఆ పద్నాలుగు మెయిళ్ళూ ఉన్నాయి. రేపు పొద్దున వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తున్నా. మీ హిస్టరీలో కూడా క్లియర్ కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపండి, కలిసి కంప్లయింట్ ఇద్దాం.