డ్యూటీకి ముందు డ్రైవర్‌కి ఏ పరీక్ష మేలు: ఊదించడమా, రక్తమా, మూత్రమా?

తెల్లారి ఐదింటికి స్కూలు బస్సో ట్యాంకరో గేటు దాటే ముందైతే బ్రీత్ ఎనలైజరే మేలు. నిమిషంలో అంకె వస్తుంది. కొనేటప్పుడే ఫ్యూయెల్ సెల్ సెన్సర్‌ది అడగండి. చవకగా దొరికే సెమీకండక్టర్ రకం సిగరెట్ పొగకీ, షుగర్ పేషెంట్ ఊపిరిలోని అసిటోన్‌కీ కూడా అంకె చూపిస్తుంది. ఏ పాపం ఎరగని మనిషి పదిమందిలో తాగుబోతు అవుతాడు. మనిషికో కొత్త స్ట్రా వాడాలి. అంకె వస్తే ఏమీ తిననివ్వక, తాగనివ్వక 15 నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ ఊదించాలి. మౌత్‌వాష్, హోమియో చుక్కల వల్ల నోట్లో మిగిలిన ఆల్కహాల్ ఆలోపు పోతుంది, రక్తంలోది పోదు.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 పెట్టిన హద్దు 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. పిల్లలు ఎక్కే బండికి సున్నా తప్ప ఇంకేదీ ఒప్పుకోకూడదు.

ఉద్యోగమే పోయే పరిస్థితి ఉంటే రక్తపరీక్ష చేయించాల్సిందే. వాసన, తూలుడు, తడబడే మాట మాత్రమే రుజువు కావని సుప్రీంకోర్టు 1971లోనే చెప్పింది. అయితే 100 మి.లీ. రక్తంలో ఆల్కహాల్ గంటకు సుమారు 15 మి.గ్రా. చొప్పున తగ్గుతుంది. ఐదింటికి 40 ఉన్నది ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఏడింటికి ఆస్పత్రికి చేరేసరికి 10కి దిగుతుంది. సూది గుచ్చే చోట స్పిరిట్ దూది వద్దు. సోడియం ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత ట్యూబులోనే తీయించి, సీలు మీద డ్రైవర్ సంతకం పెట్టించాలి.

గంజాయిని ఊదుడు మిషన్ పట్టదు. ఇక్కడ మూత్రం కన్నా లాలాజలం కిట్ న్యాయమైంది: దాదాపు గత ఒక రోజులో పీల్చిందే చూపిస్తుంది. మూత్రంలోనైతే అలవాటున్నవాళ్లకి వారాల పాటు కనబడుతుంది, ఈ పొద్దు మత్తులో ఉన్నాడో లేదో తేలదు.

కల్లు కాంపౌండ్‌కి వెళ్లొచ్చినవాళ్ల సంగతి వేరు. కల్తీ కల్లులో అల్ప్రాజోలం అనే నిద్రమందు కలుపుతారు. మిషన్‌లో అంకె చిన్నదే, కళ్లు మాత్రం మూతలు పడుతుంటాయి. దానికి మూత్ర పరీక్షే నయం, కిట్‌లో బెంజోడయాజెపిన్ (అల్ప్రాజోలం ఈ జాతి మందే) పట్టీ ఉందో లేదో చూసి కొనాలి. కప్పు అందిన నాలుగు నిమిషాల్లోపు వేడి చూడండి: 32–38 డిగ్రీల మధ్య లేకపోతే నీళ్లు కలిపారనో, బయటినుంచి తెచ్చారనో అనుమానించాలి. ఈ కిట్లలో రెండు గీతలు వస్తే నెగెటివ్, కోవిడ్ కిట్‌కి ఇది తలకిందులు. రెండోది ఎంత పల్చగా ఉన్నా నెగెటివే. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పాజిటివ్ అయితే నిద్రమాత్ర డాక్టరు రాసిందేమో చీటీ అడగాలి. ల్యాబ్ నిర్ధారించేదాకా బండి ఇవ్వొద్దు, జీతమూ కోయొద్దు.