దీపావళికి బడి మూయించడమా, బిడ్డ మటుకు సెలవు చీటీ ఇవ్వడమా: ఏది మేలు?

ప్రతి ఏటా ఆగస్టు చివర, ఇక్కడి బళ్ళు తెరవడానికి పది రోజుల ముందు, మా ఊరి తెలుగు తల్లిదండ్రుల నుంచి నాకు ఒకే ప్రశ్న వస్తుంది. పక్క టౌన్‌షిప్‌లో దీపావళికి బడికి సెలవట కదా, మన స్కూల్ బోర్డును కూడా అడుగుదామా, అర్జీ మీద సంతకం పెడతారా అని. మేము న్యూజెర్సీకి వచ్చి పద్నాలుగేళ్ళయింది. పిల్లలిద్దరూ ప్రభుత్వ బడుల్లోనే చదువుతున్నారు. మొదట్లో అడిగిన వెంటనే సంతకం పెట్టేవాణ్ణి. నిరుడు పెట్టలేదు. కొందరు నొచ్చుకున్నారు కూడా. ఎందుకు పెట్టలేదో ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పేకంటే ఒకచోట రాసిపెట్టడం నయమనిపించి ఇది రాస్తున్నాను.

పద్ధతులు ముఖ్యంగా రెండు. పండుగను క్యాలెండర్‌లోనే సెలవుగా వేసి, బడి మొత్తానికి తాళం వేయడం మొదటిది. బడి తన మానాన నడుస్తూ ఉంటే, పండుగ చేసుకునే ఇంటి బిడ్డ సెలవు చీటీ ఇచ్చి ఇంట్లో ఉండడం రెండవది.

మొదటి పద్ధతికి అందరూ చూపించే ఉదాహరణ న్యూయార్క్ నగరం. సుమారు తొమ్మిది లక్షల మంది పిల్లలున్న ఆ నగరపు ప్రభుత్వ బడులు 1960ల నుంచి యూదుల రోష్ హషానా, యోమ్ కిప్పుర్ పండుగలకు మూతపడుతున్నాయి. మతం మీద గౌరవం మాట ఎలా ఉన్నా, ఆ రోజుల్లో యూదు ఉపాధ్యాయులూ పిల్లలూ పెద్ద సంఖ్యలో రాకపోవడంతో తరగతులు నడపడం కష్టమైందన్నదే అసలు కారణం. 2015లో రంజాన్, బక్రీదు ఆ జాబితాలో చేరాయి. 2016 నుంచి చైనా, కొరియా కుటుంబాలు జరుపుకునే చాంద్రమాన సంవత్సరాది వచ్చింది. దీపావళికి సెలవిస్తూ చేసిన చట్టంపై గవర్నర్ కేథీ హోకల్ 2023 నవంబరులో సంతకం చేశారు. ఆ ఏడాది దీపావళి ఆదివారం పడింది కాబట్టి తొలి సెలవు పిల్లల చేతికి అందింది 2024 నవంబరు 1న.

ఈ పద్ధతిలో ఉన్న గొప్ప సుఖం, బిడ్డ నోరు తెరిచి అడగనక్కరలేకపోవడం. ఆరేళ్ళ పిల్ల టీచరు దగ్గరికి వెళ్ళి, రేపు మా పండుగ, నేను రాను అని చెప్పడం మనకు చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ ఆ పిల్లకు కాదు. బడి మూసినప్పుడు పాఠమూ ఎవరికీ తప్పిపోదు. అదే బడిలో పనిచేసే మన తెలుగు టీచరమ్మ తన సొంత సెలవు ఖర్చుపెట్టుకోకుండా ఇంట్లో దీపం పెట్టుకోగలుగుతుంది. గోడ మీద క్యాలెండర్‌లో మన పండుగ పేరు అచ్చయి కనిపిస్తే కలిగే సంతోషాన్ని కూడా నేను తక్కువ చేయను. దీపావళి అని మొదటిసారి చదివినప్పుడు మా అబ్బాయి ఆ కాగితాన్ని ఫోటో తీసి అమ్మమ్మకు పంపాడు. పక్క బడి జిల్లా (ఒక స్కూల్ బోర్డు కింద ఉండే బళ్ళన్నీ) క్యాలెండర్ అది, మాది కూడా కాదు.

అయితే ఆ ఒక్క రోజుకూ ఖరీదు ఉంది. న్యూజెర్సీలో గానీ న్యూయార్క్‌లో గానీ బడి ఏడాదికి 180 రోజులు నడవాలి, అందువల్ల కొత్త సెలవు ఒకటి పెట్టినప్పుడల్లా జూన్‌లో బడి ముగియడం ఒక రోజు ఆలస్యమవుతుంది. రెండు మంచు తుఫానులు వచ్చాయంటే ఆ లెక్క ఇంకా బిగుసుకుంటుంది. పండుగ మనదైనా, బడి మూసిన రోజున బిడ్డను ఎక్కడ వదలాలన్న బెంగ పండుగ లేని పొరుగింటిది. ఇంటి నుంచే పని చేసుకునే మనలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకు అది తట్టదు గానీ, గ్యాస్ స్టేషన్‌లోనో ఆసుపత్రిలోనో షిఫ్టులు చేసే తల్లికి ఒక రోజు కూలీ పోయినట్టే. బడిలో పెట్టే మధ్యాహ్న భోజనం మీద ఆధారపడిన పిల్లలకు ఆ పూట అదీ ఉండదు.

ఇక దీపావళి సంగతే చూద్దాం. ఇది సాయంకాలపు పండుగ. నరక చతుర్దశి తలంట్లు తెల్లవారకముందే అయిపోతాయి, లక్ష్మీపూజ ప్రదోష వేళకు గానీ మొదలు కాదు, మధ్యలో బడి నడిచే ఆరేడు గంటలు ఇంట్లో జరిగేది గారెల పిండి రుబ్బడమే. 2024లో ఇక్కడి కాలమానం ప్రకారం అమావాస్య అక్టోబరు 31 ఉదయాన వచ్చి, నవంబరు 1 ఉదయం తొమ్మిదిలోపే వెళ్ళిపోయింది. అంటే పూజ చేయవలసిన సాయంత్రం 31వ తేదీది, సరిగ్గా హాలోవీన్ నాటిది. మా వాకిట్లో ఒక పక్క ప్రమిదలు, ఇంకో పక్క చాక్లెట్ల గిన్నె. మా అబ్బాయి అస్థిపంజరం వేషంలోనే హారతి కళ్ళకద్దుకున్నాడు. న్యూయార్క్‌లో ఉన్న మా మరదలి పిల్లలకు సెలవు దొరికింది మాత్రం మర్నాడు, పాడ్యమి నాడు. వాళ్ళు పొద్దెక్కేదాకా నిద్రపోయారట. ఆ నిద్ర మంచిదే, కాదనను.

పొద్దుటి పూట ఇంట్లో ఉండవలసిన పండుగలు మనకు వేరే ఉన్నాయి. ఉగాదికి తలంటు, పచ్చడి, సంక్రాంతికి ముగ్గు, పొంగలి, అన్నీ పగటి పనులే. వాటికి నాకు తెలిసి ఇక్కడ ఏ బడీ మూతపడదు. తెలుగు సంఘం వారు ఉగాదిని తర్వాతి శనివారానికి జరుపుతారు, అది వేరే కథ. బోర్డులు సాధారణంగా మన వాటాకు ఇచ్చేది ఒక్క రోజే, అది దీపావళి. పోనీ తెలుగువారికి ఒక్క పండుగే కోరుకోమంటే ఏది కోరుకుంటాం? 2025లో తెలంగాణ బడులకు దసరా సెలవులు సెప్టెంబరు 21 నుంచి అక్టోబరు 3 వరకు పదమూడు రోజులు, బతుకమ్మ తొమ్మిది రోజులూ అందులో కలిసివచ్చేటట్టు. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ సంక్రాంతికి జనవరి 10 నుంచి 19 వరకు పది రోజులు ఇచ్చింది. సొంత గడ్డ మీదే రెండు రాష్ట్రాల మనసు రెండు పండుగల మీద ఉన్నప్పుడు, ఇక్కడి ఎడిసన్ ఊరి స్కూల్ బోర్డు మన కోసం ఒకదాన్ని ఎంచగలదనుకోవడం అత్యాశ.

సెలవు చీటీ పద్ధతికి ఈ చిక్కు లేదు. న్యూజెర్సీ చట్టం ప్రకారం, మతపరమైన పండుగ కోసం తల్లిదండ్రుల సంతకంతో చీటీ ఇచ్చి మానేసిన బిడ్డకు అది సకారణమైన గైర్హాజరుగానే నమోదు కావాలి. ఆ కారణంగా ఏ బహుమతికీ, ఏ పోటీకీ అర్హత పోకూడదు. ఆ రోజు జరిగిన పరీక్షను మరొక రోజు రాసే హక్కు ఉంటుంది. ఏ పండుగలకు ఇది వర్తిస్తుందో రాష్ట్ర విద్యా బోర్డు ఏటా జాబితా ప్రకటిస్తుంది, అందులో లేనిదాన్ని చేర్చుకునే వీలు స్థానిక బోర్డుకు ఉంది. బతుకమ్మ, బోనాలు, వరలక్ష్మీవ్రతం, ఎవరి ఇంటి పండుగ వారిది. ఎవరినీ లెక్కించి చూపించనక్కరలేదు, మూడొందల మంది సంతకాలు పోగుచేయనక్కరలేదు, ఊరిలో ఒక్క ఇల్లే అయినా సరిపోతుంది.

కాగితం మీద ఇంత బాగున్న పద్ధతి ఎక్కడ తప్పుతుందో చెప్పాలి, ఎందుకంటే నా దృష్టిలో ఏది మేలన్నది తేలేది అక్కడే. 2024 ఏప్రిల్ 9 మంగళవారం ఉగాది. మా అమ్మాయి అప్పుడు ఏడవ తరగతి. నేను చీటీ రాసి పంపితే బడి కార్యాలయం నుంచి ఫోన్ చేసి, ఉగాది స్పెల్లింగ్ అడిగి రాసుకున్నారు, మర్యాదగానే. ముందురోజు సూర్యగ్రహణమని బడిని తొందరగా వదిలేశారు. ఆ గ్రహణం మీద పిల్లలు రాసుకున్న పరిశీలనలతో మంగళవారం సైన్స్ తరగతిలో నలుగురేసి జట్లుగా పోస్టర్లు చేశారు. బుధవారం మా అమ్మాయి వెళ్ళేసరికి పోస్టరు గోడకెక్కింది, అడుగున తన పేరు మాత్రం వేరే చేతిరాతలో, వేరే రంగు పెన్నుతో ఉంది. జట్టులోని స్నేహితురాలు జాలిపడి చేర్చిందట. అదే రోజు భోజన విరామంలో ఒంటరిగా కూర్చుని తప్పిపోయిన గణితం క్విజ్ రాసింది. చట్టం చెప్పిన మూడు హక్కులూ అక్షరాలా దక్కాయి. అయినా ఆ సాయంత్రం, వచ్చే ఉగాదికి బడికే వెళ్తానని చెప్పింది.

కాబట్టి బడి తెరిచి ఉందా మూసి ఉందా అన్నదానికన్నా, పండుగ నాడు ఇంట్లో ఉన్న బిడ్డ మర్నాడు ఎంత బరువు మోయాలన్నదే నేను చూస్తాను. ఆ బరువు తీసేయడానికి తాళమే వేయనక్కరలేదు. వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ బడులు 2021లో ఒక ఏర్పాటు చేసుకున్నాయి. పదిహేను మతపరమైన, సాంస్కృతికమైన రోజులను క్యాలెండర్‌లో గుర్తుపెట్టి, ఆ రోజుల్లో బడి నడిపిస్తూనే, పరీక్షలు, విహారయాత్రలు, ముఖ్యమైన కార్యక్రమాలు పెట్టుకోకూడదన్నారు. ఇంట్లో ఉన్న బిడ్డ వెనకబడదు, బడికి వచ్చిన బిడ్డకు ఆ పూట గడుస్తుంది, షిఫ్టులో ఉన్న తల్లికీ ఇబ్బంది లేదు. నిజానికి అక్కడి వారికి ఇది సరిపోలేదు. మూసివేతే కావాలని పట్టుబట్టిన యూదు, ముస్లిం, హిందూ తదితర కుటుంబాల మాట నెగ్గి, 2022-23 క్యాలెండర్‌లో రోష్ హషానా, యోమ్ కిప్పుర్, దీపావళి, రంజాన్ పూర్తి సెలవులయ్యాయి. ఆ నాలుగింటిని అటుంచితే, మిగిలిన చిన్న పండుగలకు ఆ గుర్తు ఎంత అక్కరకొస్తుందో నాకు ఉగాది పోస్టరు చూశాక తెలిసింది.

సంతకం కోసం వచ్చేవారితో నేననే మాట ఇంకొకటి ఉంది. అమెరికా కోర్టులు, ప్రభుత్వ బడి ఒక మతాన్ని మన్నించడానికే మూతపడడాన్ని ఒప్పుకోవు. ఇలినాయ్ రాష్ట్రం గుడ్ ఫ్రైడేకు బళ్ళన్నిటికీ ఇచ్చిన సెలవును 1995లో అప్పీలు కోర్టు కొట్టివేసింది. మేరీలాండ్‌లోని మాంట్‌గోమరీ కౌంటీలో ఈస్టర్ చుట్టూ ఇచ్చే సెలవు మీద వచ్చిన దావాలో మాత్రం, ఆ రోజుల్లో చాలామంది బడికి రారన్న వాదనకు విలువ దక్కి 1999లో సెలవు నిలిచింది. అందుకే బోర్డు ముందు నిలబడేది హాజరు పట్టిక. మనవారిలో చాలామంది దీపావళి నాడు పిల్లలను బడికి పంపించి, సాయంత్రం అర్జీ మీద సంతకం పెడతారు. పట్టిక చూస్తే ఆ రోజు ఎవరూ మానేసినట్టే ఉండదు! మూసివేత కోరుకునేవారికి సైతం దారి సెలవు చీటీల మీదుగానే పోతుంది.

మిగతా మార్గాలకు రెండు మాటలు చాలు. ఉపాధ్యాయుల శిక్షణ దినాన్ని పండుగ మీదికి జరపడం కొన్ని బడి జిల్లాలు చేసే పని. పిల్లలకు సెలవు దొరుకుతుంది, మన టీచరమ్మకు దొరకదు. మాంట్‌గోమరీ కౌంటీ 2014లో క్యాలెండర్ నుంచి పండుగల పేర్లన్నీ తీసేసి సెలవులను మాత్రం ఉంచింది. బక్రీదును చేర్చమని అడిగిన ముస్లిం కుటుంబాలకు దొరికిన జవాబు అది, వారికి ఒరిగిందేమీ లేదు. కాలిఫోర్నియా 2025లో దీపావళిని రాష్ట్ర సెలవుల్లో చేర్చినా, బడి మూయాలో వద్దో స్థానికంగానే తేల్చుకోవాలి.

మా ఊరిలో భారతీయ పిల్లలు తరగతికి సగం మంది ఉండి ఉంటే నేనూ మూసివేతకే ఓటు వేసేవాణ్ణి. ఎలాగూ నడవని తరగతిని నడిపించడంలో అర్థం లేదు. తరగతికి నలుగురైదుగురున్న మాలాంటి చోట సెలవు చీటీయే మేలు, ఆ రోజున పరీక్ష, జట్టుపని పెట్టకూడదన్న నిబంధన దానికి తోడుంటే. ఈసారి బోర్డుకు మేమిచ్చిన వినతిలో అడిగింది అదొక్కటే. 2026లో ఉగాది మార్చి 19న, మర్నాడే రంజాన్, మరో రెండు వారాలకు యూదుల పాసోవర్, ఆ వెంటనే గుడ్ ఫ్రైడే వస్తున్నాయని తేదీలు వరుసగా రాశాం. దీపావళి అర్జీకి తెలుగువారివీ గుజరాతీలవీ మాత్రమే ఉండే సంతకాల్లో ఈమారు అమ్మాయి జట్టులో పోస్టరు మీద పేరు రాసిన ఆ పిల్ల తల్లిది కూడా ఉంది. వాళ్ళు ఈజిప్టు నుంచి వచ్చిన కాప్టిక్ క్రైస్తవులు, వారి క్రిస్మస్ జనవరి 7న.