క్లస్టర్ తలనొప్పికి సైకడెలిక్ మందులు: మన దేశానికి ఏ దారి మేలు?

మా తమ్ముడికి క్లస్టర్ తలనొప్పి ఉందని తెలిసినవాళ్లు ఈమధ్య ఒకటే అడుగుతున్నారు. "సిలోసైబిన్, ఎల్‌ఎస్‌డీ లాంటివి మందులుగా అనుమతించాలంటావు, సరే. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో లాగానా, ఆస్ట్రేలియాలో లాగానా, కెనడాలో లాగానా?" విడివిడిగా జవాబు చెప్పే బదులు ఇక్కడే రాస్తున్నాను. తెలియనివాళ్లకు ఒక్క మాట: క్లస్టర్ తలనొప్పి అంటే కంటి చుట్టూ, తలకు ఒక వైపే అటాక్‌లుగా విరుచుకుపడే భరించలేని నొప్పి. సైకడెలిక్ మందులంటే మనసు తీరును, చూసే తీరును కాసేపు మార్చేసే పదార్థాలు; సిలోసైబిన్ కొన్ని పుట్టగొడుగుల్లో ఉంటుంది, ఎల్‌ఎస్‌డీ ల్యాబ్‌లో తయారవుతుంది. అంతకుమించి వర్ణన జోలికి పోను.

ముందు ఆధారాల సంగతి. 2006లో హార్వర్డ్ వైద్యులు 53 మంది క్లస్టర్ రోగులతో మాట్లాడారు. అటాక్ ఆపుకోవడానికి సిలోసైబిన్ వాడిన 26 మందిలో 22 మంది అది పనిచేసిందన్నారు. అవి రోగులు తమంతట తాము చెప్పిన మాటలే, పోల్చి చూడటానికి ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లెవరూ లేరు. తర్వాత యేల్ విశ్వవిద్యాలయం పద్ధతిగా పరీక్షించింది. 2022లో వచ్చిన మొదటి ఫలితాల్లో అటాక్‌లు తగ్గినట్టు కనిపించినా, రోగులు మరీ తక్కువమంది కావడంతో గణాంకపరంగా అది నిలబడలేదు. వాళ్లలో పదిమందికి మరో విడత ఇచ్చినప్పుడు మాత్రం వారానికి వచ్చే అటాక్‌లు దాదాపు సగానికి తగ్గాయి. దీన్ని పట్టుకుని రేపటినుంచే అందరికీ ఇచ్చేయమని నేను అడగను. మిగతా మందులన్నీ వాడి చూసినా గుణం కనిపించనివాళ్లకు, డాక్టరు కళ్లెదుట ప్రయత్నించే హక్కు ఉండాలంటున్నాను.

ఒరెగాన్ పద్ధతి వినడానికి బాగుంటుంది. 2020లో ఓటర్లు ఆమోదించారు, 2023లో కేంద్రాలు తెరిచారు. 21 ఏళ్లు నిండితే చాలు, రోగనిర్ధారణ అక్కర్లేదు, చీటీ అక్కర్లేదు. శిక్షణ పొందిన మనిషి పక్కన ఉండగా అక్కడే కూర్చుని సిలోసైబిన్ తీసుకోవాలి. మనవాళ్లకు ఇది సరిపడదని నా గట్టి నమ్మకం. అటాక్‌లు రాకుండా క్లస్టర్ రోగుల్లో చాలామంది వెరపమిల్ అనే గుండె మందు మీద ఉంటారు, కొందరు మానసిక జబ్బులకూ వాడే లిథియం మీద. లిథియం వాడుతూ ఈ పదార్థాలు తీసుకున్నవాళ్లకు మూర్ఛలు వచ్చిన సందర్భాలున్నాయి. వెరపమిల్ డోసు పెంచినప్పుడల్లా ఈసీజీ తీయాలి. ఇవన్నీ చూడాల్సింది న్యూరాలజిస్టే. పైగా మన ఊళ్లో ఎల్‌ఎస్‌డీ అనగానే జనానికి గుర్తొచ్చేది పబ్బులూ పోలీసు దాడులూ టీవీ స్క్రోలింగులే. ఆ వాతావరణంలో చీటీ లేకుండా ఇచ్చే కేంద్రాలు అడిగితే అసలు రోగుల గోడు ఎవరూ వినరు.

ఆస్ట్రేలియా 2023 జూలైలో అనుమతి పొందిన సైకియాట్రిస్టులకు సిలోసైబిన్ రాసే వీలు కల్పించింది. అది మొండి డిప్రెషన్‌కు, నొప్పికి కాదు. ట్రయల్స్ అన్నీ పూర్తయ్యి మందుగా మార్కెట్‌లోకి వచ్చేదాకా ఆగడం మరో దారి. ఇంత అరుదైన జబ్బు కోసం ఆ ఖర్చు పెట్టే కంపెనీ కోసం ఎన్నేళ్లని చూస్తాం?

నాకు నచ్చింది కెనడా దారి. 2022 జనవరి నుంచి అక్కడ డాక్టరు ఒక రోగి తరఫున ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టి సిలోసైబిన్ కోరవచ్చు. స్విట్జర్లాండ్‌లోనూ ఇలా ఒక్కో రోగికి విడిగా అనుమతి ఇస్తారు. దీనికి దగ్గరి పద్ధతి మన దగ్గరా ఉంది. 2019 కొత్త మందుల నియమాల ప్రకారం, ఇక్కడ ఇంకా ఆమోదం లేని మందును తన రోగి కోసం ప్రభుత్వాసుపత్రి దిగుమతి చేసుకోవచ్చు. అడ్డమల్లా మత్తుపదార్థాలను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టమే. దాని సెక్షన్ 8 కూడా వైద్య, శాస్త్రీయ అవసరాలకు మినహాయింపు ఇస్తుంది, కాకపోతే నియమాల్లో రాసిన మేరకే. అంటే మార్చమని అడగాల్సింది నియమాలను.

అయితే నియమం మారితే చాలదు. ఆ మందును ఏ ఆసుపత్రి తెచ్చి అలమరలో పెడుతుంది, ఏ డాక్టరు భయపడకుండా రాస్తాడు? నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. నల్లమందు నుంచి తీసే నొప్పి మందు మార్ఫిన్‌కు ఏం జరిగిందో చూడండి. నల్లమందును చట్టబద్ధంగా పండించి ఎగుమతి చేసే దేశం మనది. 1985లో ఎన్‌డీపీఎస్ వచ్చింది. ఆ ఏడాది దేశంలో వైద్యానికి వాడిన మార్ఫిన్ 716 కిలోలు, 1997కి 18 కిలోలు. వైద్యానికి వాడొద్దని చట్టం ఎక్కడా అనలేదు. లైసెన్సుల మీద లైసెన్సులు, చిన్న తప్పుకూ జైలు భయం. ఆసుపత్రులు మార్ఫిన్ తెప్పించడమే మానేశాయి, దాన్ని రాయడం నేర్చుకోకుండానే ఒక తరం డాక్టర్లు తయారయ్యారు. క్యాన్సర్ రోగులు నొప్పితో కేకలు పెడుతూ పోయారు. 2014 సవరణ ఆ లైసెన్సుల చిక్కు తీసేసి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలకు రాష్ట్ర డ్రగ్ కంట్రోలర్ అనుమతి ఇచ్చే పద్ధతి పెట్టింది. అయినా మార్ఫిన్ అన్ని జిల్లాలకూ ఒకేలా చేరలేదు. చేరిన చోట దాని వెనక మనుషులున్నారు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో రోగి నొప్పి, బాధ తగ్గించే పాలియేటివ్ విభాగం నిలబడింది కాబట్టి ఈ ఊళ్లో పేదవాడికీ మార్ఫిన్ మాత్ర దొరుకుతోంది. సైకడెలిక్ మందులకూ అలాంటి చోటు ఒకటి ముందు కావాలి. ఒక్క ప్రభుత్వాసుపత్రి, అందులో న్యూరాలజీ, సైకియాట్రీ కలిసి పనిచేసే ఒక్క క్లినిక్, లెక్క రాసే ఒక రిజిస్టరు. ముందు పదిమంది రోగులకు ఇచ్చి చూడనివ్వండి.

కెటమిన్ మాటేమిటని అడుగుతారు. అది ఇప్పటికే ఆసుపత్రుల్లో ఆపరేషన్లకు ఇచ్చే మత్తుమందుగా ఉంది, కొన్ని మొండి నొప్పులకు వాడుతున్నారు కూడా. క్లస్టర్‌కు దాని మీద నాకు పెద్ద ఆశ లేదు.

ఈలోగా చట్టంతో పనిలేని ఆక్సిజన్‌ను వదిలేయకండి. నిమిషానికి 12 నుంచి 15 లీటర్లు, నాన్‌రీబ్రీదర్ మాస్క్‌తో (వదిలిన గాలి మళ్లీ లోపలికి రానివ్వని, సంచి ఉన్న మాస్క్), 15 నిమిషాలు. 2009లో అచ్చయిన ట్రయల్‌లో ఇలా తీసుకున్నప్పుడు 78 శాతం అటాక్‌లు ఆ 15 నిమిషాల్లోనే తగ్గాయి, మామూలు గాలితో 20 శాతమే. కోవిడ్ రోజుల్లో కొన్న 5 లీటర్ల కాన్సంట్రేటర్ దీనికి చాలదు, సిలిండరే కావాలి. రెగ్యులేటర్, మాస్క్ కోఠీ సర్జికల్ షాపుల్లో అడగండి. అటాక్ ఆపడానికి ఇచ్చే సుమట్రిప్టాన్ ఇంజెక్షన్ సంగతి డాక్టరుతో మాట్లాడండి, గుండెజబ్బు ఉంటే అది పనికిరాదు. సిలోసైబిన్ ఉన్న పుట్టగొడుగులు ఎవరి దగ్గరో కొని ఇంట్లో ప్రయోగాలు మాత్రం వద్దు. కుటుంబంలో సైకోసిస్ (లేనివి కనిపించే, వినిపించే మానసిక జబ్బు) ఉన్నవాళ్లకు అది మరీ ప్రమాదం, దొరికితే జైలు.

ప్రభుత్వానికి రాయాలనుకునేవాళ్లు రెండు చోట్లకూ రాయండి. ఎన్‌డీపీఎస్ నియమాలు ఆర్థికశాఖలోని రెవెన్యూ విభాగం చేతిలో ఉన్నాయి, మందు దిగుమతి అనుమతి ఆరోగ్యశాఖ కిందికి వస్తుంది. ఉత్తరానికి అటాక్‌ల డైరీ జతచేయండి. తేదీ, సమయం, ఎంతసేపు, ఏ మందు వాడారు, పనిచేసిందా లేదా. న్యూరాలజిస్టు సంతకంతో వాడి విఫలమైన మందుల జాబితా కూడా పెట్టండి.