స్టార్ రేటింగా, హరిత భవన ధ్రువీకరణా?

భీమవరంలోనో అమలాపురంలోనో పెద్ద కార్యాలయ భవనం ఉన్నవారికి, కట్టబోతున్నవారికి, అది పర్యావరణహితమని చూపించుకోవడానికి రెండు దారులున్నాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇంధన సామర్థ్య బ్యూరో 2009లో ప్రారంభించిన స్టార్ రేటింగ్, చదరపు మీటరుకు ఏడాదికి ఎన్ని యూనిట్లు ఖర్చయ్యాయో చూసి 1 నుంచి 5 నక్షత్రాలు ఇస్తుంది. పర్యావరణానికి మేలైన భవనమని ఇచ్చే హరిత ధ్రువీకరణ విద్యుత్తుతోపాటు నీటిని, సామగ్రిని, వ్యర్థాలను కూడా లెక్కలోకి తీసుకుంటుంది.

శ్రమ: మొదటిదానికి ప్రధానంగా ఏడాది కరెంటు బిల్లులు, వైశాల్యం లెక్కలు కావాలి. రెండోదానికి, కొత్త భవనమైతే, ప్లాను దశ నుంచే పత్రాలు కూడగట్టాలి.

ఖర్చు: రెండోదానికి రుసుములతోపాటు సాధారణంగా సలహాదారు ఫీజు కూడా తోడవుతుంది.

నష్టభయం: స్టార్ రేటింగ్‌లో తేమతో కూడిన ఉష్ణ మండలానికి వేరే కొలమానం ఉన్నందున, మన డెల్టా ఉక్కపోత వల్లనే నక్షత్రాలు తగ్గవు, తలుపులు తెరిచి ఏసీలు నడిపితే మాత్రం తగ్గుతాయి. ఈ నిక్కచ్చితనమే నాకు విలువైనదిగా తోస్తుంది, ఎందుకంటే హరిత ధ్రువీకరణలో ఇతర అంశాల మార్కులు విద్యుత్ లోపాన్ని కొంత కప్పివేయవచ్చు.

నడుస్తున్న భవనానికి స్టార్ రేటింగ్, ఇంకా పునాది పడనిదానికి హరిత ధ్రువీకరణ తగినవి.