హైదరాబాద్‌లో రాక్ క్లైంబింగ్: ఎనిమిదేళ్లలో నాకు పనికొచ్చినవాళ్లు

ఆఫీసు కుర్చీలో పెరిగిన పొట్ట తగ్గితే చాలనుకుని 2017 నవంబరులో ఒక ఆదివారం పొద్దున్నే ఖాజాగూడ గుట్టలకు వెళ్లాను. పొట్ట పెద్దగా తగ్గలేదు కానీ బండల పిచ్చి పట్టుకుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎవరి దగ్గరికి వెళ్లాలని అడుగుతుంటారు కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందుగా వాలంటీర్ల క్లబ్బులు. ఖర్చులు అందరూ పంచుకుంటారు, నేర్పేవాళ్లు జీతం తీసుకోరు. నేను చేరిన గుంపు చిన్నది, పేరు అనవసరం. తాడు, హార్నెస్ (నడుముకూ తొడలకూ బిగించుకునే పట్టీ) వాళ్లే ఇచ్చారు. బూట్లు మాత్రం కొనుక్కోక తప్పలేదు. వేళ్లు ముడుచుకుపోయేంత బిగువుగా ఉండాలంటే మొదట నమ్మలేదు, ఒక సైజు పెద్దవి కొని డబ్బులు తగలేసుకున్నాను. ఇబ్బంది ఏమిటంటే, ఇరవై మంది వస్తే రెండే తాళ్లు. పొద్దుటి నుంచి క్యూలో నిలబడితే ఎక్కేది రెండుసార్లు. తొమ్మిది దాటితే బండ కాలిపోతుంది, ఇక ఇంటికే.

ఆ ఏడాదే ఒక ప్రైవేటు క్యాంపుకు డబ్బు కట్టి వెళ్లాను. తాడు పైతొడుగు ఒకచోట చిట్లి లోపలి తెల్లటి పోగులు కనిపిస్తున్నాయి. ఇదేంటని అడిగితే "ఏం కాదన్నా, పోయిన వారం కూడా ఎక్కారు" అన్నాడు అక్కడ నేర్పే కుర్రాడు. ఎక్కకుండానే తిరిగొచ్చాను. డబ్బు వాపసు రాలేదు.

భువనగిరి కథ వేరు. కోట ఉన్న ఆ ఏకశిల కిందే రాక్ క్లైంబింగ్ స్కూలు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తొలి పాఠాలు నేర్చుకున్నది ఈ బండ మీదే. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. నేను రెండు విడతలుగా వెళ్లాను. మొదటి పూట బండ ముట్టనివ్వలేదు, తాడును హార్నెస్‌కు కట్టే ఎనిమిది అంకె ముడి వేయడమే పని. కళ్లు మూసుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని, మాట్లాడుతూ కూడా వేయించారు. విసుగొచ్చింది. ఇప్పుడు నిద్రలో లేపినా వేస్తాను.

అక్కడి బండ నున్నటి వాలు. చేతికి పట్టు దొరకదు, బూటు రబ్బరు రాపిడే ఆధారం. మడమ కిందికి దించి, నడుము బండకు దూరంగా ఉంచి, బరువంతా పాదం మీద వేస్తే నిలుస్తాం. భయపడి బండను కౌగిలించుకుంటే జారతాం. ఇది తలకెక్కడానికి నాకు రెండు మోకాళ్ల తోలు ఖర్చయింది. ఒక్కచోటే డబ్బు పెట్టగలనంటే ఇక్కడ పెట్టండి.

ఇక సొసైటీ టు సేవ్ రాక్స్. 1996 నుంచి ఉంది. వీళ్లు క్లైంబింగ్ నేర్పరు, తాడూ ఇవ్వరు. రాళ్ల మధ్య నడిపిస్తారు, రాళ్లను కాపాడమని అధికారుల వెంటపడతారు. మొదట్లో ఇది పెద్దవాళ్ల ఆదివారం కాలక్షేపం అనుకున్నాను. శిల్పారామంలోని బేర్స్ నోస్, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలోని మష్రూమ్ రాక్ లాంటి రాళ్లు వారసత్వ జాబితాకెక్కడం వెనుక వీళ్ల పోరాటం ఉందని నాకప్పుడు తెలియదు.

నగర శివారులో మేం ఎక్కే ఒక రాతిగుండు ఉండేది, రెండు నిలువుల ఎత్తు. ఎడమవైపు పగులులో పిడికిలి దూర్చి తిప్పితే బిగుసుకునేది. అక్కడి నుంచి పై అంచుకు ఒకే చేయి దూరం. ఆ చేయి అందుకోవడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. 2021లో వెళ్లేసరికి గుండుకు వరుసగా డ్రిల్లు రంధ్రాలు. మరో నెలకు గుండే లేదు, ప్లాట్ల హద్దురాళ్లు పాతారు. 250 కోట్ల ఏళ్ల గ్రానైటు అది. బూట్లు పాతబడితే కొనుక్కోవచ్చు.

ఆ వారమే సొసైటీలో చేరాను. నాకెక్కువ పనికొచ్చిన సంస్థ ఏదంటే ఇప్పుడు ఇదే అంటాను. మా క్లబ్బులో ఈ మాటకు సగం మంది నవ్వుతారు.

మొన్నటి నడకలో ఒక పెద్దావిడ నన్ను ఆపి "బాబూ, ఈ గుండు మీవాళ్లు ఎక్కుతారా?" అన్నారు. ఎక్కుతామండీ, ఆ పక్క పగులు నుంచి అని చూపించాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని, చిన్న పుస్తకంలో రాసుకున్నారు.